ఎల్లవంక దిమ్మరయ్య, ఇరవయ్యొక్క గంపలు

గవినిపల్లెలో బస్సు దిగి పడమటి దిక్కుగా మైలున్నర నడిస్తే ఎల్లవంక వస్తుంది. ఊరి పక్కన పారే వంక గట్టున నడుమెత్తు రాతి ప్రహరీ, దానికి తలుపు లేని వాకిలి, లోపల ఒక చదును బండ, ఆ బండ మీద బోర్లించిన వెదురు గంప ఉంటాయి. ఇదే శ్రీ దిమ్మరయ్యస్వామి సన్నిధి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, నెత్తిన కప్పు కూడా లేదు. దూరం నుంచి వచ్చిన భక్తులు నాలుగు వైపులా చూసి "స్వామి ఎక్కడమ్మా?" అని అడగడం, పూజారమ్మ గంప ఎత్తి చూపించడం రోజూ జరిగేదే. గంప కింద, రాతిలో దిగబడిన ఒక కుడి పాదం అచ్చు కనిపిస్తుంది. మడమ నిండా పగుళ్ళు ఉన్న పాదం అది. ఎండలో, రాళ్ళలో, ముళ్ళలో ఏళ్ళ తరబడి చెప్పులు లేకుండా నడిచిన మనిషి పాదం.

వాకిట్లో బంకమన్ను తొట్టి ఉంది. లోపలికి వచ్చేవారు ఎవరైనా సరే, చెప్పులు విడిచి, ఆ తడిమన్ను తొక్కి, తమ పాదం అచ్చు వదిలి రావాలి. ఇక్కడ ప్రత్యేక దర్శనం లేదు, పక్క దారి లేదు, సిఫారసు ఉత్తరాలకు చోటు లేదు. పట్టుచీర తడుస్తుందనీ, ప్యాంటు మాసిపోతుందనీ, కాళ్ళకు షుగరు జబ్బు ఉందనీ సాకులు చెప్పేవారు ఉన్నారు. జబ్బు నిజమైతే స్వామి క్షమిస్తాడు, చెయ్యి అచ్చు వేస్తే చాలు. సాకైతే మాత్రం ఆయన ఊరుకోడు. ఈ మన్ను ఎందుకు తొక్కాలో, ఈ గంప ఎందుకు బోర్లించారో తెలియక కొందరు నవ్వుకుంటూ పోతుంటారు. తెలిస్తే నవ్వరు. అందుకే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ వంకకు ఇవతలి గట్టు ఒక పాళెగానిది, అవతలి గట్టు మరొక పాళెగానిది. ఆ ఇద్దరికీ పడదు. ఇద్దరూ చెరొక కొండకోటలో కూర్చుని ఉండేవారు. నడుమ ఈ పొలిమేర ఊరు ఎవరికీ పట్టనిదై పోయింది. ఒక రాజ్యంలో తప్పు చేసినవాడు ఇక్కడికి పారిపోయి వచ్చేవాడు, మరో రాజ్యంలో తప్పు చేయబోయేవాడు ఇక్కడ కల్లు తాగి బయలుదేరేవాడు. సోమవారం సంత మాత్రం బ్రహ్మాండంగా జరిగేది.

ఆ కాలంలో పశువులు పోతే పట్టుకోవడానికి ఒక మంచి కట్టుబాటు ఉండేది. ఊరి కావలివాళ్ళు గిట్టల జాడ పట్టుకుని పోవాలి. జాడ పొలిమేర దాటితే అవతలి ఊరి కావలికి దాన్ని అప్పగించాలి. ఎక్కడ జాడ ఆగిపోతుందో, అక్కడి కావలి నాయకుడే పశువులను తెచ్చి ఇవ్వాలి. జాడ దొరికిన చోట ఎండకూ గాలికీ చెరిగిపోకుండా గంప బోర్లించేవారు. పంచాయతీ కూర్చునేదాకా ఆ గంపను ముట్టుకోవడం మహా నేరం. మన పెద్దలు ఎంత ఆలోచించి పెట్టిన కట్టుబాటు ఇది! దీన్ని కూడా తినేసే మనుషులు పుడతారని పాపం వాళ్ళు అనుకోలేదు.

ఇవతలి గట్టుకు కావలి నాయకుడు కస్తూరి నాయకుడు. అవతలి గట్టుకు హంపన్న. పదిమందిలో ఇద్దరూ ఎదురుపడితే మీసాలు మెలేసుకునేవారు, చాటున మాత్రం ఒకే కంచంలో తినేవారు. ఇవతలి పశువులు మాయమైతే కస్తూరి నాయకుడు వంక దాకా వచ్చి "జాడ నీళ్ళలో దిగింది, ఇక అవతలివాళ్ళ పని" అనేవాడు. అవతలి గట్టు మీద హంపన్న నిలబడి "మా వైపు ఒక్క గిట్ట కూడా ఎక్కలేదు" అనేవాడు. ఇద్దరూ చేతులు దులుపుకునేవారు. మందలకు మందలు నీళ్ళలో కరిగిపోయినట్టు పోయేవి. ఇక నేరం ఎవరి మీదనో ఒకరి మీద వేయాలి కదా. కాపరి మీద వేసేవారు. లేకపోతే ఊరి చివర గుడిసెల్లో ఉండే ఏ పేదవాడి మీదనో వేసేవారు. "పశువులు అమ్ముకున్నాడు" అని పొలిమేర రాయి దగ్గర నిలబెట్టి కాలు తీసేవారు. రెండేళ్ళలో ముగ్గురికి కాళ్ళు పోయాయి. ఊరందరికీ నిజం తెలుసు. ఆ ముగ్గురూ కర్రల మీద కుంటుకుంటూ వీధిలో పోతుంటే ఊరు తల తిప్పుకునేది. కస్తూరి నాయకుడి కిర్రుచెప్పుల చప్పుడు వినిపిస్తే లేచి నిలబడేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మాకు ఒళ్ళు మండుతుంది.

ఆ గుడిసెల్లోనే ఎరుకల ఓబక్క అనే ఆవిడ ఉండేది. వెదురు బద్దలు చీల్చి గంపలు, చాటలు అల్లి సంతలో అమ్ముకునేది. ఓబక్క గంప కొంటే పదేళ్ళు చూసుకోనక్కరలేదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. ఆమెకు ఉన్న తోడల్లా తమ్ముడు కదిరప్ప. తల్లి పోయినప్పుడు కదిరప్ప పాలు తాగే బిడ్డ, ఓబక్కే పెంచింది. వాడు పెద్దవాడై ఊరి మంద కాచేవాడు. ఎనభై పశువులనూ పేర్లు పెట్టి పిలిచేవాడు.

ఒక ఆషాఢ మాసంలో గురువారం నాడు కదిరప్ప వంక పక్కన మంద మేపుతున్నాడు. చావడి నుంచి ఒక బంటు వచ్చి "నాయకుని గుర్రాలకు గడ్డిమోపు మోసి పెట్టిపోవాలంట, రా" అన్నాడు. వెట్టి పని అది, కాదంటే కొరడా దెబ్బలు. కదిరప్ప పోయి గడ్డి మోసి, పరుగున తిరిగి వచ్చేసరికి గట్టు మీద ఒక్క దూడ కూడా లేదు. అంతలోనే పెద్ద వాన కురిసింది. గట్టు మీది జాడలన్నీ కొట్టుకుపోయాయి.

శుక్రవారం పంచాయతీ పెట్టారు. మందను వదిలి ఎక్కడికి పోయావని అడిగితే కదిరప్ప ఉన్నదున్నట్టు చెప్పాడు. గడ్డిమోపు మాట వినగానే కస్తూరి నాయకుడు నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పెద్దలందరూ నవ్వారు. పిలవడానికి వచ్చిన బంటు తానసలు ఆ దిక్కుకే పోలేదని ప్రమాణం చేశాడు. సోమవారం సంత నాడు, మిట్టమధ్యాహ్నం, పొలిమేర రాయి దగ్గర కదిరప్ప కుడికాలు తీయాలని తీర్పు చెప్పారు.

ఓబక్క చావడి మెట్ల మీద పడి ఏడ్చింది. "నాయకా, వాని చేత గడ్డి మోయించుకున్నది నీ బంట్లే కదా. నీకు తెలీదా సామీ?" అన్నది.

"తెలుసుకునేదానికి జాడ ఉండాల గదా ఓబక్కా," అన్నాడు కస్తూరి నాయకుడు, అందరూ వినేట్టుగానే. "దొంగ జాడ చూపించు. ఆ చణంలోనే నీ తమ్ముణ్ణి ఇడిచిపెడతా. ఇది నా మాట."

వాన కడిగేసిన గట్టు మీద జాడ ఎక్కడి నుంచి వస్తుంది? అది తెలిసే అన్నాడు ఆ మహానుభావుడు. ఉన్నదాన్ని కాజేసి, లేనిదాన్ని తెమ్మని అడగడానికి ఎంత గుండె కావాలో పాఠకులే ఆలోచించుకోండి. ఓబక్క కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఏడ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

శనివారం మిట్టమధ్యాహ్నం, పడమటి దారిన ఒక దేశదిమ్మరి ఊళ్ళోకి వచ్చాడు. చేతిలో కత్తి లేదు, భుజాన విల్లు లేదు. చెప్పులు కూడా లేవు. కుంటుతున్న బూడిదరంగు గుర్రాన్ని కళ్ళెం పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. వీధిలో ఇంటింటి ముందూ ఆగి గుర్రానికి నీళ్ళు అడిగాడు. నాయకుడి అనుమతి లేకుండా పరాయివాడికి గుక్కెడు నీళ్ళు పోయకూడదని ఆ ఊళ్ళో ఆజ్ఞ. అందుకని ఒక్కొక్క తలుపే మూసుకుంటూ పోయింది. దాహం గొన్నవాడికి నీళ్ళు పోయడానికి కూడా సెలవు అడిగిన ఊరు మాది. దాచిపెట్టి ప్రయోజనం లేదు.

చివరికి గుడిసెల దగ్గరికి వచ్చాడు. ఓబక్క వెదురు చీలుస్తూ కూర్చుని ఉంది. అడగకముందే లేచి గుర్రానికి కుండ పెట్టింది, అతనికి రాగి అంబలి పోసింది.

"నాకు పోస్తే నాయకునికి కోపం రాదా అమ్మా?" అన్నాడు అతను.

"వానికి కోపం వచ్చి నన్ను చేసేదానికి ఇంకేమీ మిగల్లేదన్నా. తాగు," అన్నది ఓబక్క.

అంబలి తాగుతూ సంగతంతా విన్నాడు. విన్నకొద్దీ అతని ముఖం నల్లబడింది. చివరికి తన సంగతి కూడా చెప్పాడు. ఒకప్పుడు ఏదో పెద్ద కోటలో అతను జాడలు చూసేవాడు. అతనికి దొరకని జాడ లేదని పేరు. ఒకసారి దొంగసొమ్ము జాడ పోయి పోయి పాళెగాని కొడుకు గది ముందు ఆగింది. భయపడి నోరు మూసుకున్నాడు. నీళ్ళు మోసేవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని ఉరి తీశారు. ఆ రోజే చెప్పులు అక్కడ విడిచి, కోట దాటి వచ్చేశాడు. ఏడేళ్ళుగా నడుస్తూనే ఉన్నాడు.

ఓబక్క ఓదార్చలేదు. "నోరు మూసుకున్నోళ్ళు మా ఊర్లో చాలామంది ఉండారన్నా. నువ్వొకనివి తక్కువైనావా?" అన్నది. అతను తల వంచుకుని, ఖాళీ ముంత కింద పెట్టి, వంక వైపు నడిచాడు. ఓబక్క వెంట పోయింది. గట్టు పొడవునా వంగి వంగి చూశాడు, మోకాళ్ళ మీద పాకి చూశాడు, రాళ్ళు తిప్పి చూశాడు. పొద్దు వాలేవేళకు ఒక చదును బండ మీద కూర్చుండిపోయాడు.

"ఏమీ లేదమ్మా. వాన మొత్తం కడిగేసింది."

ఓబక్కకు అప్పుడు కోపం వచ్చింది. రెండు రోజులుగా కడుపులో పెట్టుకున్నదంతా బయటికి వచ్చింది. "లేదంటే సరిపోతాదా? దొంగలు గాల్లో వచ్చి గాల్లో పోయినారా? యాడ తొక్కినాడో వానికైనా తెలిసుంటాది గదా! మట్టికి గుర్తు లేకపోతే తొక్కినోనికి గుర్తుండదా?" అన్నది.

ఆ మాటకు దిమ్మరి బండ మీద నుంచి లేచి నిలబడ్డాడు. తర్వాత అడిగాడు, "నీ దగ్గర గంపలు ఎన్ని ఉన్నాయమ్మా?"

సోమవారం సంతకని అల్లినవి పంతొమ్మిది ఉన్నాయి. వంక మలుపు నుంచి పొలిమేర రాయి దాకా, మంద దిగడానికి వీలైన తావులు ఇరవయ్యొకటని అతను లెక్క చూశాడు. ఓబక్క చీకటి పడేలోగా మరో రెండు అల్లింది. గంపలతో ఏం చేస్తావని అడిగితే "నన్ను చెప్పమని అడగొద్దు. చెబితే నీ ముఖంలో తెలిసిపోతుంది" అన్నాడు. ఆమె ఇక అడగలేదు.

ఆదివారం పొద్దున, ఊరంతా చూస్తుండగానే, ఇద్దరూ కలిసి గట్టు వెంట ఇరవయ్యొక్క గంపలు బోర్లించారు. ఓబక్క ప్రతి గంపకూ అంచు ముగిసే చోట ఒక ముడి వేసేది, అది ఆమె చేతి గుర్తు. చేతి అలవాటు కొద్దీ ముడులన్నీ నీళ్ళ వైపు ఉండేట్టు వరసగా పెట్టింది. దిమ్మరి నడివీధిలో నిలబడి, "మందను వంకలో దించినవాని పాదం జాడ గంప కింద ఉంది. రేపు మధ్యాహ్నం పంచాయతీలో ఎత్తుతాము" అని మూడుసార్లు చాటాడు. మూసుకున్న తలుపుల వెనక ఊరంతా విన్నది.

కస్తూరి నాయకుడు గుర్రం మీద వచ్చాడు. వరసగా గంపలను చూస్తూ గట్టు చివరిదాకా పోయి తిరిగి వచ్చాడు. "ఇన్ని గంపలెందుకురా? జాడ ఏ గంప కింద ఉంది?" అని అడిగాడు.

"తొక్కినవానికి తెలుసు నాయకా," అన్నాడు దిమ్మరి.

నాయకుడు గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. గంపలను ఎవరూ కదిలించకుండా కాపలా ఉండాలని తన బంట్లనే గట్టు మీద నిలబెట్టి పోయాడు. ఓబక్క పరుగున దిమ్మరి దగ్గరికి వచ్చింది. "దొంగ చేతికే తాళంచెవి ఇచ్చినట్టు అయింది కదన్నా" అన్నది. దిమ్మరి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గుర్రం కాలికి ఆకుపసరు కట్టాడు.

సోమవారం వచ్చింది. సంతకు వచ్చినవాళ్ళు, ఊరివాళ్ళు, అవతలి గట్టున హంపన్నా అతని మనుషులూ అందరూ చేరారు. కదిరప్పను పొలిమేర రాయికి కట్టేశారు. పక్కనే మొద్దు, దాని మీద గొడ్డలి. కాళ్ళు పోయిన ముగ్గురూ కర్రల మీద వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. వాళ్ళను వెనక్కి పొమ్మనడానికి ఆ రోజు ఎవరికీ నోరు రాలేదు.

దిమ్మరి ఓబక్కను పిలిచి, "గంపలు నీవి. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయో లేదో నువ్వే చూడమ్మా" అన్నాడు. ఓబక్క మొదటి గంప నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచింది. ముడి నీళ్ళ వైపే ఉంది. రెండో దానికీ అంతే. పన్నెండు గంపలు దాటింది. పదమూడో గంప దగ్గర ఆగింది. ముడి ఊరి వైపు ఉంది.

"ఇది నేను పెట్టినట్టు లేదు. ఎవరో ఎత్తి మల్లా పెట్టినారు," అన్నది.

దిమ్మరి ఆ గంప ఎత్తాడు. కింద మన్ను ఆకులతో ఊడ్చినట్టు నున్నగా ఉంది. ఊడ్చిన చోటికి ఆనుకుని, వానకు మెత్తబడిన బంకమన్నులో, వంగి కూర్చుని లేచిన మనిషి పాదం ఒకటి లోతుగా దిగి ఉంది. చెప్పు లేని పాదం. తర్వాత అతను మిగిలిన ఇరవై గంపలూ ఎత్తి పక్కన పెట్టాడు. ఏ గంప కిందా ఏమీ లేదు.

"అయ్యలారా, జాడ నాకు దొరకలేదు. గురువారమే వాన కడిగేసింది. ఎక్కడ తొక్కినాడో తొక్కినవానికి ఒక్కడికే గుర్తుంది. ఇరవయ్యొక్క గంపల్లో తిన్నగా ఈ ఒక్కదాని దగ్గరికే వచ్చి, లేని జాడను చెరిపినాడు. చెరిపేటప్పుడు తన జాడ ఇక్కడ పెట్టిపోయినాడు. చూసుకోండి."

కస్తూరి నాయకుడు చేసిన తప్పు అదే. మందను హంపన్న మనుషులకు అప్పగించేటప్పుడు తాను ఆ తావున నిలబడ్డాడని తన బంట్లకు కూడా తెలియనివ్వలేదు. తెలిస్తే వాటా అడుగుతారని భయం. అందుకే ఆదివారం పొద్దువాలాక బంట్లను భోజనానికి పంపి, తానే వచ్చాడు. కిర్రుచెప్పులు చప్పుడు చేస్తాయని వాటిని విప్పి వచ్చాడు. జన్మలో మన్ను తొక్కని మనిషికి, తడిమన్ను పాదాన్ని ఎంత శ్రద్ధగా అచ్చు వేసుకుంటుందో ఏం తెలుస్తుంది?

ఓబక్క వంగి ఆ పాదాన్ని చూసింది. ఇరవై ఏళ్ళు సంతలో నేల మీద కూర్చుని గంపలు అమ్మినది, ఊళ్ళో ప్రతి పాదాన్నీ ఎరిగినది. ఆమె లేచి నిలబడి అందరివైపూ చూసింది. "ఈ మడమకు ఒక్క పగులు లేదు. మన ఊర్లో పగులు లేని మడమ ఎవరికుంది?" అన్నది.

ఓబక్క ఆ పాదం పక్కనే తన కుడికాలు తడిమన్నులో పెట్టి తీసింది. చీలికలు చీలికలుగా పగుళ్ళు పడ్డ మడమ అచ్చు కనిపించింది. "ఇది నాది. నాది కాదు ఆ పాదం. మీరూ తొక్కండి" అన్నది.

కాళ్ళు పోయినవారిలో పెద్దవాడు ముందుకు వచ్చి మిగిలిన ఒక్క కాలూ మన్నులో ఆనించాడు. తర్వాత ఒక కుమ్మరి ముసలమ్మ వచ్చింది. తర్వాత సంతకు ఉప్పు తెచ్చినవాడు, చాకలి, కమ్మరి, పొలం కాపులు వచ్చారు. రెండేళ్ళు తలుపులు మూసుకున్న ఊరు, కాళ్ళు పోయినవాళ్ళను చూసి తల తిప్పుకున్న ఊరు, అప్పుడు ఒక్కొక్కరుగా వచ్చి మన్ను తొక్కింది. చివరికి కస్తూరి నాయకుడి బంట్లు కూడా తొక్కారు. వాళ్ళవీ పగుళ్ళ పాదాలే. వంకగట్టు పొడవునా పగుళ్ళ మడమల అచ్చులు పడ్డాయి. మన్ను తొక్కనివాడు ఒక్కడే మిగిలాడు.

కస్తూరి నాయకుడు కత్తి దూసి దిమ్మరి మీదికి వచ్చాడు. "వీణ్ణి నరకండి" అని అరిచాడు. బంట్లు కదలలేదు. దిమ్మరి ఒక్క అడుగు వెనక్కి వేసి చదును బండ మీద నిలబడ్డాడు, చేతులు కూడా ఎత్తలేదు. అంతలో కుమ్మరి, కమ్మరి, బంట్లు కలిసి నాయకుణ్ణి పట్టుకున్నారు. ఓబక్క వంగి అతని కిర్రుచెప్పులు విప్పింది. ఆ నున్నటి పాదాన్ని తీసుకుపోయి పదమూడో గంప కింది అచ్చులో పెడితే వేళ్ళతో సహా సరిపోయింది. అవతలి గట్టున హంపన్న అప్పటికే గుర్రం ఎక్కి పారిపోయాడు. ఆ తర్వాత అతన్ని ఈ సీమలో చూసినవారు లేరు.

పదమూడో తావు నుంచి నీళ్ళలోనే ప్రవాహానికి ఎదురు నడిస్తే, క్రోసెడు దూరంలో, రెండు గుట్టల నడుమ ముళ్ళకంప వేసిన దొడ్డి కనిపించింది. ఎనభై పశువులూ అందులోనే ఉన్నాయి. కట్లు విప్పగానే కదిరప్ప పరుగున పోయి వాటిని పేరుపేరునా పిలిచాడు. ఆ పిలుపులు వెంట పోయినవాళ్ళందరికీ వినిపించాయి.

ఇక శిక్ష మిగిలింది. ఎవరి తీర్పు వారికే వేయాలని, నాయకుడి కాలు తీయాలని ఊరు పట్టుబట్టింది. ఓబక్క గొడ్డలి చేతిలోకి తీసుకున్నది కూడా. దిమ్మరి అడ్డుపడ్డాడు. "కాలు తీస్తే జాడ పోతుందమ్మా. కాళ్ళు ఉండనీ. చెప్పులు మాత్రం ఇవ్వకండి. బతికినన్నాళ్ళూ ఈ ఊళ్ళోనే ఉత్త కాళ్ళతో నడవనీ. వాడు ఎక్కడ తిరిగినాడో ఎప్పటికప్పుడు ఊరికి తెలుస్తుంటుంది" అన్నాడు. ఓబక్క చివరికి గొడ్డలి కింద పడేసింది. ఆ తీర్పు ఆమెకు పూర్తిగా నచ్చలేదని మా పెద్దలు చెబుతారు. మాకూ నచ్చలేదు. మూడు కాళ్ళు తీసినవాడు రెండు కాళ్ళతో బతకడమేమిటని మనసు ఒప్పుకోదు. కానీ కస్తూరి నాయకుడు ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడనీ, ప్రతి ఉదయం కుంటివాళ్ళు ముగ్గురూ చావడి ముందు కూర్చుని అతని పాదం అచ్చులు చూసి "ఇదిగో ఇటు పోయినాడు" అని చెప్పుకునేవారనీ, కడపటి రోజుల్లో అతని మడమలు కూడా పగిలాయనీ చెబుతారు.

ఆ సాయంత్రం కావలి పదవి ఇద్దామని దిమ్మరి కోసం వెతికారు. మనిషి లేడు, గుర్రమూ లేదు. గుర్రం గిట్టల జాడ, దాని పక్కన మనిషి జాడ చదును బండ దాకా వచ్చాయి. బండకు అవతల మెత్తటి ఇసుక. దాని మీద ఎలాంటి అచ్చూ లేదు. ఎందరివో జాడలు పట్టినవాడు తన జాడ ఎవరికీ ఇవ్వకుండా పోయాడు. బండ మీద, కత్తికి ఎదురుగా అతను నిలబడిన చోట, పగుళ్ళ మడమతో ఒక్క కుడి పాదం మాత్రం రాతిలో దిగి ఉంది. ఓబక్క పదమూడో గంప తెచ్చి దాని మీద బోర్లించింది.

కొన్నాళ్ళకు ఊరివాళ్ళు అక్కడ గుడి కట్టాలనుకున్నారు. తలుపులు మూసుకున్న ఇళ్ళవాళ్ళే ఎక్కువ ఉత్సాహంగా ముందుకు వచ్చారు. ఒక మధ్యాహ్నం ఓబక్క వెదురు చీలుస్తూ కునుకు తీస్తే దిమ్మరి కలలో కనిపించాడు. "నాకు కప్పు వద్దు, తలుపు వద్దు. నాకు తలుపులు చాలా మూశారు. నీ గంప చాలు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు మన్ను తొక్కి రావాలి. పదవిలో ఉన్నవాళ్ళు అందరికంటే ముందు తొక్కాలి" అని చెప్పాడు. అందుకే ఈ సన్నిధికి ఈనాటికీ తలుపు లేదు.

ఇప్పటికీ ఏటా ఆషాఢంలో రెండో సోమవారం వంకగట్టున ఇరవయ్యొక్క గంపలు బోర్లిస్తారు. ఓబక్క, కదిరప్పల వంశంలోని ఆడవారే వాటిని అల్లుతారు, వారే పూజారులు. కదిరప్ప పేరు మీద ఊరి పశువులన్నిటికీ ఆ రోజు పసుపు నీళ్ళు చల్లుతారు. మిట్టమధ్యాహ్నం పదమూడో గంప ఎత్తి, ఊళ్ళో అధికారం చేసేవారిని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు. వారు చెప్పులు విడిచి, అందరూ చూస్తుండగా మన్ను తొక్కాలి. ఆ తర్వాతే మిగతావారికి దర్శనం. అన్యాయంగా నింద పడ్డవారు ఇక్కడ గంప సమర్పిస్తే నింద తొలగుతుంది, పోయిన పశువులు ఇల్లు చేరతాయి, దారి తప్పినవారికి దారి దొరుకుతుంది. ఎవరిమీదనైనా నింద వేయించి పబ్బం గడుపుకుని, ఏమీ ఎరగనట్టు కొబ్బరికాయ కొట్టడానికి వచ్చేవారికి మాత్రం ఇక్కడ ఏ ఫలమూ లేదు.

కిందటేడు ఉత్సవానికి అధికారంలో ఉన్న ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. పేరు పిలిచారు. ఆయన తొట్టి ముందు ఆగి, కాలం మారింది కదా, ఇంకా ఈ మట్టి తొక్కుడెందుకని పూజారమ్మ నారాయణక్కను అడిగాడు. నారాయణక్క గంప అంచుకు ముడి వేస్తూ తల ఎత్తకుండానే, "మీరు తొక్కినాక చెబుతా సామీ," అన్నది. వెనక రెండు వేలమంది భక్తులు నిలబడి ఎదురుచూశారు. ఆయన సెల్‌ఫోను చెవికి పెట్టుకుని, ముఖ్యమైన పని ఉందని చెప్పి, తిరిగి కారు ఎక్కాడు.

వాన పడి దారంతా తడిగా ఉంది. వాకిలి దగ్గర నుంచి కారు దాకా ఆయన బూట్ల అచ్చులు వరసగా పడ్డాయి. నారాయణక్క లేచి వెళ్ళి, వాటిలో ఒకదాని మీద గంప బోర్లించి వచ్చింది.